జెమ్మా ఒడిబియ్యం

జెమ్మా సంచిలో ఉన్ని బట్టలు సర్దుతుంటే, నేను పసుపు కలిపిన బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఇంగ్లండులోని హల్ పట్టణంలో చాలా ఏళ్లుగా మావి పక్కపక్క ఇళ్లు. ఆమె నా దగ్గరే తెలుగు నేర్చుకుంది.

ఇప్పుడు ప్రభుత్వం ఎవరి రక్తం ఎక్కడిదైతే వాళ్లను అక్కడికే పంపుతోంది. ఉమ్మి పరీక్షలో జెమ్మా రక్తం డెన్మార్క్‌దని తేలింది. ఆమె భర్త క్రెయిగ్‌ది మాత్రం ఇక్కడిదేనట. నా వంతు ఇంకా రాలేదు. అతను వంటగదిలో కడిగిన కప్పులనే మళ్లీ కడుగుతున్నాడు.

"వెయ్యేండ్ల కింద మావోళ్లు పడవెక్కి వచ్చిన్రట అక్కా. గందుకే నన్ను పుట్టింటికి పొమ్మంటున్నరు," అంది జెమ్మా.

"ఆడ నీకెవరు ఎర్కనే?"

"ఎవ్వరు ఎర్క లేరు. చేపలే." తనే నవ్వింది. "ఎన్నేండ్ల కిందటి రక్తం చూడాల్నో ఆ లెక్క ఎండకాలం మల్ల మారుస్తరట. అప్పుడొస్త. నువ్వు పరేషాన్ గాకు."

నేను ఆమె ఒడిలో బియ్యం పోశాను.

"పుట్టింటికి పోయేటోళ్లకు గూడ పోస్తరా ఇవి?"

"లేదే. పుట్టింటికెల్లి పోయే ఆడబిడ్డకు పోస్తరు."

జెమ్మా నవ్వలేదు. కొంగు లేదు కాబట్టి, మెడలోని స్కార్ఫ్ తీసి మూట కట్టుకుంది. బస్సు రాగానే ఎక్కింది. క్రెయిగ్ బయటికి రాలేదు.

జూన్‌లో లెక్క మారింది. జెమ్మా రక్తం కూడా ఇక్కడిదేనని కబురు పంపారు. జెమ్మా తిరిగి రాలేదు. అప్పటికి నాలుగు నెలల ముందే, ఫిబ్రవరి చలిలో, డెన్మార్క్‌లో చనిపోయింది.