కోటు భుజాలు

విమానంలో మామూలు సీట్లు నిండిపోయాయని దర్జీని ఫస్ట్ క్లాసుకి మార్చి, లాంజ్‌లో కూర్చోమన్నారు. తలుపు దగ్గరే పరిచారిక అతని కోటు అందుకుంది.

"ఇక్కడ అనౌన్స్‌మెంట్లు ఉండవండీ. టైమవ్వగానే మేమే వచ్చి పిలుస్తాం."

హాలు నిండా మెత్తటి కుర్చీలు. నరమానవుడు లేడు. చెంచా కప్పుకి తగిలినా ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడుతున్నాడు. తెల్లారితే చెల్లెలికి ఆపరేషన్. "నువ్వొచ్చాకే లోపలికెళ్తా అన్నయ్యా," అని మొండికేసింది. అరగంట గడిచింది. ఎవరూ పిలవలేదు. ఉండబట్టలేక లేచి, తన కోటు కోసం గోడ బీరువా తెరిచాడు.

ఈ చివర నుంచి ఆ చివరిదాకా కోట్లు వేలాడుతున్నాయి.

"ఈ కోట్ల వాళ్లంతా ఏరమ్మా?"

"ఇంకా పిలవలేదండీ," అంది వెనక నుంచి పరిచారిక.

తన కోటు వెతికి తీశాడు. ఈ ప్రయాణం కోసమని పోయిన వారమే స్వయంగా కుట్టుకున్న కోటు. భుజాల దగ్గర హ్యాంగర్ ఒత్తుకుని గుడ్డ బొడిపెల్లా సాగిపోయి ఉంది. మడతల్లో దుమ్ము. గుడ్డ అలా సాగాలంటే ఎన్నేళ్లు వేలాడాలో దర్జీకి ఒకరు చెప్పక్కర్లేదు.

"అమ్మా... మా చెల్లెలు..."

పరిచారిక కోటు మెల్లగా అందుకుని, మళ్లీ తగిలించింది.

"కూర్చోండి. టైమవ్వగానే పిలుస్తాం."