దమ్మున్న జెండా

"పాటని చంపుతున్నది మీరే! ఇంకెవరో కాదు, మీ ముగ్గురే!"

మెకానిక్ బల్ల మీద అరచెయ్యి చరిచింది. సంగీత సంఘం వాళ్ల తెల్లగుడ్డ మీద గ్రీజు చెయ్యి అచ్చుపడింది.

"నిన్నలేని రూలు ఇవాళ ఎక్కణ్ణుంచి ఊడిపడింది? జెండా లేని సంగీతానికి ఊరేగింపులో చోటు లేదా?"

"గొంతు తగ్గించమ్మాయ్," అన్నాడు అధ్యక్షుడు. "అందరికీ జెండాలున్నాయి. గబగబా తిట్టుకోవడానికి కూడా జెండా ఎందుకు?"

"ర్యాప్ అంటే తిట్టడం కాదండీ, అడగడం. మీకు రెండూ ఒకేలా వినిపిస్తే అది మా నోటి తప్పా?"

వెనక ఆమె జట్టు ఈలలు వేసింది. పగలంతా బండ్లు బాగుచేసి, సాయంత్రాలు షెడ్డులో రేకు డబ్బాల మీద దరువేసి పాడుకునే జట్టు. వీధిలో నడిచి పాడాలని ఏడాదిగా కాచుకుని ఉంది. కిటికీ అవతల పట్టు జెండాలు బారులు తీరుతున్నాయి.

"మా జెండా వస్తోంది. మా అన్న కుడుతున్నాడు," అంది.

గట్టిగానే అంది గాని, అన్న ఏం కుడతాడో తనకే తెలీదు. పొద్దున అన్న కుట్టుకొట్టులో ఇద్దరికీ పెద్ద గొడవే అయింది.

"జెండా మీద కుట్టడానికి మీ పాటలో రాగం ఎక్కడే?" అన్నాడు అన్న.

"లేదన్నా. దెబ్బ పడ్డచోట వెడల్పు పట్టీ, మాట పరుగెత్తినచోట సన్న పట్టీ. ఎరుపు, నలుపు. అంతే!"

"మరి నడిమధ్య?"

"దమ్ము!"

"దమ్ముకి ఏ గుడ్డ కత్తిరించమంటావే తల్లీ?"

మైకు బొమ్మ వేస్తానన్నాడు. ఉపన్యాసాలు దంచేవాళ్లకీ అదే ఉంటుంది, వద్దంది. పిడికిలి అన్నాడు. సబ్బు పెట్టెల మీద కూడా పిడికిలే, వద్దంది. చివరికి, "నీకేం తోస్తే అది పెట్టు!" అని విసురుగా వచ్చేసింది.

ఇంతలో తలుపు దడాల్న తెరుచుకుంది. అన్న! చొక్కా తడిసి ముద్దయింది. ఒక్క కాలికే చెప్పుంది.

"చెల్లీ, ఒక్క మాట..."

ఆమె జెండా లాక్కుని విప్పింది. పట్టీలు ఎగిరి దూకుతున్నట్టున్నాయి. నడిమధ్య మాత్రం గుడ్డే లేదు. ఒక కొస మొనదేలి, నోరు తెరిచినట్టుగా పెద్ద బొక్క. చుట్టూ ముదురు గోధుమరంగు అంచు.

"చిరుగుల జెండా!" అధ్యక్షుడు పగలబడి నవ్వాడు.

మెకానిక్ జెండాని పైకెత్తి బొక్కలోంచి చూసింది.

"చిరుగు కాదు, ఊపిరి! దరువు ఆగి, మాట ఆగి, మేం దమ్ము పట్టే చోటు అది. దానికి గుడ్డ ఉండదు, రంగు ఉండదు. అన్నా, నా మనసులోది ఎలా పట్టుకున్నావురా!"

"అది కాదే, నే చెప్పేది..."

"నీ గొప్ప తర్వాత చెప్పుకుందువు, ఆగు!"

జెండా మొహానికి అడ్డంగా పట్టుకుని, బొక్కలో నోరు పెట్టి అందుకుంది.

"రూలు మీది, రోడ్డు మాది!
నూలు మాది, నోరు మాది!
అడ్డమొస్తే ఆగుతుందా?"

టక్కున ఆపింది. గదంతా ఊపిరి బిగబట్టింది. బొక్కలోంచి ఆమె గుండెల నిండా గాలి పీల్చుకోవడం అందరికీ వినిపించింది. అంతే, జట్టు బల్లలు మోగించింది. సంఘంలోని ముసలి గాయని పాదం తనకు తెలియకుండానే దరువేసింది.

"నలభై ఏళ్లుగా పాడుతున్నాను," అందావిడ లేచి. "ఊపిరికి జెండాలో చోటిచ్చినవాణ్ణి ఇవాళే చూశాను. అధ్యక్షుడుగారూ, వీళ్లు ముందు వరసలో నడవాలి!"

అధ్యక్షుడు నవ్వు మాని తలూపాడు. జట్టు అన్నని అమాంతం భుజాల మీదికెత్తింది.

"దించండ్రా, నా మాట వినండి..."

"వింటాం! కళాకారుడు మాట్లాడాల్సిందే!" మెకానిక్ తడికళ్లతో అరిచింది.

గాయని మైకు అందించింది. "ఇంత గొప్ప ఆలోచన ఎలా వచ్చింది నాయనా?"

అందరూ చెవులు రిక్కించారు. అన్న మైకులో గావుకేక పెట్టాడు.

"ఎవరైనా మా కొట్టుకి పరిగెత్తండి, ఇస్త్రీపెట్టె ఇంకా ఆపలేదు!"