గ్లాసెడు నీళ్ల పరీక్ష

"ఒలికింది," అంది మేస్త్రి భార్య, స్టీలు గ్లాసు ఎత్తి చూపిస్తూ.

కమాన్ల మేస్త్రి ఇంజను ఆపి గ్లాసులోకి తొంగిచూశాడు. బయల్దేరినప్పుడు అంచుదాకా ఉన్న నీళ్లు ఇప్పుడు సగానికి దిగాయి.

"ఎక్కడ?"

"వంతెన దిగేచోట. ఎడమవైపు ఎత్తేసింది. నా నడుము కలుక్కుమంది."

"అటువైపు ఒక పట్టీ తీసేస్తాను."

"తీస్తారో, వేస్తారో మీ ఇష్టం. నేను కూర్చునేదాన్ని, చెప్పేదాన్ని. అంతే." ఆమె కారు దిగి లోపలికి వెళ్లిపోయింది.

అది ఆరో పరీక్ష.

ముప్పై ఏళ్లుగా ఆయన చేతులు లారీలకు కమాన్లు కట్టాయి. ఉక్కు పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, విల్లులా వంచి, నూనెలో ముంచి, ఒకదాని కింద ఒకటిగా పేర్చి బిగిస్తే అది కమాను కట్ట. బరువును మోసేదీ, గతుకును మింగేదీ అదే. ఊళ్లో లారీలన్నీ ఆయన కమాన్ల మీదే ఊగేవి. ఆయనకంటూ ఒక బండి మాత్రం లేదు. చివరికి ఒక పాత కారు పైకప్పు కోసి, తాహతుకు మించిన ఇంజను ఎక్కించి, తన చేతి కమాన్ల మీద దాన్ని నిలబెట్టాడు. ఇలాంటి బండిని హాట్‌రాడ్ అంటారని వెల్డరు పని చేసే బావమరిది చెప్పాడు. దాని చప్పుడు విన్న వీధి దానికి 'రంకె' అని పేరు పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఊరవతల మైదానంలో పందెం. సొంతంగా కట్టుకున్న బండ్లకే ప్రవేశం. గెలవకపోయినా సరే, తన కమాన్ల మీద తానే ఒక్కసారి దూసుకుపోవాలన్నది మేస్త్రి కోరిక. అడ్డు ఒక్కటే. కారు కట్టడానికి వసారా కావాలన్నప్పుడు భార్య తన కుట్టుమిషనును వంటింట్లోకి జరుపుకుంది. జరుపుకుంటూ ఒక మాట తీసుకుంది.

"లోకంలో లారీలన్నిటికీ నడుములు నిలబెట్టారు. ఇంట్లో కూడా ఒక నడుముంది. అది సరేనన్నాకే మీ పందెం."

పరీక్ష సులువైనదే. గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని ఆమె పక్క సీట్లో కూర్చుంటుంది. చుక్క ఒలక్కుండా తిరిగొస్తే ఆయన గెలిచినట్టు.

మొదటిరోజు వీధి చివరిదాకా వెళ్లారు. "ఈ నున్నటి దారిలో పరీక్షేమిటి, పిల్లలాటలా?" అంది. రెండోరోజు రైలుగేటు దాటారు. మూడోరోజు మార్కెట్టు వెనక గతుకుల దారి. తరవాత కొండమలుపు, ఆ తరవాత నది వంతెన. ప్రతి సాయంత్రం ఆమె తల దువ్వుకుని, గ్లాసు నింపుకుని, తీర్పరిలా వచ్చి కూర్చునేది. ప్రతి సాయంత్రం నీళ్లు ఒలికేవి. ఒకరోజు కమాను గట్టి. ఒకరోజు మరీ మెత్తన. ఒకరోజు, "పడవెక్కినట్టుంది, కడుపులో తిప్పింది." ఇల్లు చేరగానే మేస్త్రి కారును జాకీ మీద ఎత్తి కిందికి దూరేవాడు. గంటసేపు సుత్తి చప్పుడు. మసిచేతులతో పైకి వచ్చి, "రేపు చూద్దాం," అనేవాడు.

బావమరిదికి ఒళ్లు మండిపోయింది.

"నీ కమాన్ల మీద గుడ్ల బండి పోతే ఒక్క గుడ్డు పగల్లేదు బావా! అక్క నడుము గుడ్డుకంటే సున్నితమా?"

"ఆ మాట మీ అక్కతో అను."

"నేనింకా బతకాలి."

ఆదివారం పొద్దున తొమ్మిదో పరీక్ష. పందేనికి పేరు పన్నెండింటిలోగా ఇవ్వాలి.

"ఇవాళ వంతెన అవతలికి పోదాం. అటు రోడ్డు మరీ అధ్వాన్నమట," అంది భార్య. మేస్త్రి తలూపాడు. ఇక ఆగలేక బావమరిది స్కూటరు తీసి వాళ్ల వెనకే బయల్దేరాడు.

వంతెన దాటాక రంకె నిమ్మళంగా సాగింది. గాలికి ఆమె జుట్టు లేచింది. గతుకు వచ్చింది, చక్రం దిగింది, లేచింది, సీట్లో మనిషి కదల్లేదు. ఇంకో గతుకు. గ్లాసు తొణకలేదు. బావమరిది ఈల వేయబోయాడు. అంతలో ఆమె భర్త వైపు ఓరగా చూసి, గ్లాసును కారు బయటికి చాపి, మొక్కకు పోసినంత శ్రద్ధగా నీళ్లన్నీ రోడ్డు మీద ఒంపేసింది.

ఇంటికి వచ్చాక, "ఒలికింది," అంది. "పూర్తిగా."

"ఎటువైపు?"

"ఈసారి రెండువైపులా."

ఆమె లోపలికి వెళ్లగానే బావమరిది స్కూటరు పడేసి పరుగున వచ్చాడు.

"బావా, నీ కమాన్లకు ఏ రోగమూ లేదు! అక్కే ఒంపేసింది, నా రెండు కళ్లతో చూశాను. రోజూ షికారు కోసం నాటకమాడుతోంది! పదకొండున్నరయింది. పద, ఇంకా పేరు ఇవ్వొచ్చు."

మేస్త్రి జాకీ తెచ్చి కారు కింద పెట్టాడు.

"పందెం వచ్చే ఏడూ ఉంటుందిలే."

"వచ్చే ఏడా? ముప్పై ఏళ్ల కోరిక కదయ్యా! ఇన్ని రోజులూ ఆ కట్ట విప్పి, పట్టీలు మార్చి, మళ్లీ బిగించి చచ్చావు. ఆ చాకిరీ అంతా బూడిదలో పోసిన పన్నీరేనా?"

మేస్త్రి గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"మూడోరోజు నుంచి నేను విప్పితే కదరా!"