శని చాటునుంచి వచ్చిన కబురు

సాలూరు బస్టాండులో బస్సుల టైంబోర్డు పక్కనే నౌకబోర్డు ఉంటుంది. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. శనిగ్రహం దగ్గర తిరిగే అంతరిక్షనౌక వేగం, వేడి, బ్యాటరీ అంకెలు దానిమీద కదులుతుంటాయి. చూపులేనివాళ్ల కోసం కింద ఒక రాగిరేకు బిగించారు. నౌకనుంచి సంకేతం అందుతున్నంతసేపూ అది సన్నగా అదురుతుంది. నౌకకు ఎండ తగిలితే రేకు వెచ్చబడుతుంది.

పుట్టుకతోనే చూపులేని ఆదెమ్మ బస్సుకొచ్చినప్పుడల్లా దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది. ఆవేళ భర్త పోలినాయుడు నారుకట్టలు బస్సెక్కించి వచ్చేసరికి ఆమె బిక్కచచ్చిపోయి ఉంది.

"ఆగిపోనాదయ్యా. సల్లబడిపోనాది."

బోర్డుమీద అంకెలు లేవు. పక్కవాళ్లను అడిగి పోలినాయుడు చెప్పాడు. "నౌక శని సుట్టూ ఉన్న ఉంగరాల్లోంచి దూరి దాని ఎనక్కెళ్లినాదంట. దేనికీ తగలకండా బయటపడితేనే మళ్లీ కబురొస్తాదంట."

డ్రైవరు హారన్ కొట్టాడు.

"నాను రాను. దాన్నొగ్గేసి ఎలాగొస్తాను?" అంది ఆదెమ్మ.

డ్రైవరు విసుక్కుంటూ దిగాడు. ఖాళీ బోర్డు చూసి, వెళ్లి ఇంజన్ ఆపేశాడు. ప్రయాణికులు ఒక్కొక్కరే దిగి వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు.

"అదిరినాది!" అని ఆదెమ్మ కేక పెట్టింది.

ఆ తర్వాతే బోర్డుమీద అంకెలు వెలిగాయి. బస్టాండు హోరెత్తింది. పోలినాయుడు ఆమె చేతి పక్కన తన చెయ్యీ ఆనించాడు. రేకు మెల్లగా వెచ్చబడుతోంది.

"ఎండేటే ఇది?"

"మన ఎండేనయ్యా," అంది ఆదెమ్మ. "అంత దూరం ఎల్లినాది."