ఎండని వరి

“ఈ పురుగూ పూచ్చుల్ని నా మిద్దె మీద పెంచుకుంటా ఉండావా! ఇయ్యాళే తీసి పారేయ్. లేకుంటే ఇల్లు ఖాళీ చెయ్!”

ఇంటావిడ అమ్మాయమ్మ కేకకు ముదలియార్‌పేట వీధిలో పోయేవాళ్ళు తలలెత్తి చూశారు. సెలవులకు వెళ్ళి అప్పుడే బస్సు దిగి వచ్చిన నివేదిత, సంచీ గడపలోనే పడేసి మెట్లెక్కింది. మిద్దె మీద వరసగా వరి కుండీలు, ఒక్కోదాని చుట్టూ దోమతెర గుడ్డ. కాలేజీలో చోటు చాలక తన పరిశోధన మొక్కల్ని ఇక్కడ పెట్టుకుంది.

“అత్తా, ఇవి సుడిదోమలు. మనల్ని కుట్టవు. వరి రసమే తాగుతాయి.”

“నాకు తెలీదా ఏంది? మా ఊరు ఏంబలంలో చేన్లో దిగితే పైరంతా కాలిపోయినట్టు ఎండిపోయె. వాటిని ఇంట్లో పెట్టి మేపుతావా?”

“ఎండబెట్టడమే కాదత్తా, ఒక మొక్క తెగులును ఇంకోదానికి మోస్తాయి కూడా. అందుకే వీటికి లొంగని వరి కోసం...”

నివేదిత మాట సగంలో ఆగిపోయింది. కుండీలన్నింటిలోనూ వరి ఎండుగడ్డి అయిపోయింది. చివరి కుండీ ఒక్కటే పచ్చగా, నిటారుగా నిలబడి ఉంది.

గబగబా వెళ్ళి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. తెర లోపల దోమలన్నీ చచ్చి మొక్క మొదలు దగ్గర రాలి ఉన్నాయి. ఒక్క ఆకు కొన కూడా పసుపెక్కలేదు.

“చూడత్తా! దీని రసం తాగినవి ఒక్కటీ బతకలేదు!” తెర మీదుగానే వేలితో చూపించింది. “ఇంత సన్నటి మొక్క, ఒక్కటే నిలబడి అన్నిటినీ మట్టుబెట్టింది. దీని విత్తనం చేలకు చేరితే ఇంక మందు కొట్టే పనే ఉండదు.”

అమ్మాయమ్మ కోపం ఎటు పోయిందో! పక్కనే చతికిలబడి ఆ పచ్చదనాన్ని కళ్ళారా చూసుకుంది. “ఎంత ముద్దుగా ఉండాదో! ఇంత బాగా బతికినదాన్ని ఎట్ట పారేస్తాం పాపా? ఉండనీ. ఇల్లేం ఖాళీ చెయ్యొద్దులే.”

నివేదిత సంతోషం పట్టలేక ఆమెను వాటేసుకుంది. వెంటనే ప్రొఫెసర్‌కు ఫోన్ కలిపింది. “సార్, దొరికింది సార్!”

“ఆయనకు నా పేరు కూడా చెప్పు,” అంది అమ్మాయమ్మ మురిసిపోతూ. “మొన్న ఈ చివరి నుంచి మొదలుపెట్టినా. దీనికి కొట్టేసరికే బొద్దింకల మందు డబ్బా అయిపోయె గానీ, ఇంకోటి ఉండుంటే అన్నీ ఇట్లే పచ్చగా నిలబడుండును!”