నత్త మావయ్య సలహా

పొలంగట్టు మీద గద్ద కాపు కాయడం మొదలుపెట్టి పది రోజులైంది. ఎలుకమ్మ పిల్లల్ని కలుగు దాటనివ్వడం లేదు. లోపల ఏడు పిల్లలూ తోకలు కొరుక్కుంటున్నాయి, దాచిన వడ్లు విసురుకుంటున్నాయి, గడియకోసారి "అమ్మా, ఆకలి!" అంటున్నాయి.

ఆ గోల విని నత్త గుమ్మం దగ్గర ఆగింది. "ఇంటిపట్టున ఉండటానికి ఇంత రభసా, ఎలుకమ్మా? పుట్టినప్పటి నుంచీ నేను ఇంట్లోనే ఉన్నాను. ఒక్కనాడైనా విసుక్కున్నానా?"

"నిజమే అన్నయ్యగారూ. అయితే వీళ్లని ఒక్క పూట మీ ఇంట్లో ఉంచుకోండి" అంది ఎలుకమ్మ.

వెంటనే ఏడు మూతులూ గుమ్మంలోకొచ్చాయి. "మావయ్యా, మీ ఇంట్లో తినడానికి ఏమున్నాయి?"

నత్త పరుగెత్తడం ఆ గట్టు మీద అంతవరకూ ఎవరూ చూడలేదు.

పిల్లలు పడీపడీ నవ్వాయి. "అమ్మా, రేపు కూడా మావయ్యని పిలవవే!"