చేదునీళ్ల వంశం

"జైలుకైనా పోతాను గానీ, ఈ మామ్మ తిట్లు పడలేను," అన్నాడు లాంబర్ట్.

తాగి ట్రక్కు నడిపి, డెజ్బా మామ్మ గొర్రెల దొడ్డి కూల్చేశాడతను. అమెరికాలోని నవహో తెగ కోర్టు జడ్జి ఇద్దరినీ రాజీ కుదిర్చే తెగ పెద్ద దగ్గరికి పంపాడు.

"ముందు మీ వంశాలు చెప్పుకోండి," అన్నాడు పెద్దాయన.

"మాది చేదునీళ్ల వంశం," గొణిగాడు లాంబర్ట్.

తిట్టబోయిన డెజ్బా ఆగింది. "మా నాన్నదీ అదే!"

"అయితే ఇతను మీ నాన్నకి తమ్ముడి వరస, నీకు చిన్నాన్న," అన్నాడు పెద్దాయన.

"ఈ పాతికేళ్ల వెధవా?" డెబ్బయ్యేళ్ల డెజ్బా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాలుగు గొర్రెల్ని కుక్కలు పీక్కుతిన్నాయి చిన్నాన్నా. మిగిలినవాటికి కాపలా కూర్చుని, మూడు రాత్రులుగా కునుకు లేదు."

లాంబర్ట్ లేచి నిలబడ్డాడు.

"ఇవాళే కర్రలు తెస్తాను," అన్నాడు. "దొడ్డి లేచేదాకా కాపలా నాది. నువ్వు పడుకో తల్లీ."